కిరీటమూ మూపురమూ



ఈ టపాకు కారణం ఒక సన్మాన పత్రం. నేను వ్రాసి ఇచ్చినది కాదు, వ్రాయలేక వదిలినది.

పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి మా వైపు రెండు పనులు తప్పవు. ఒకటి, పెండ్లి శుభలేఖలలో తప్పులు దిద్దడం. రెండు, సన్మాన పత్రాలు వ్రాయడం. బదిలీ అయిన అధికారికి, గెలిచిన నాయకునికి, ఓడినా పలుకుబడి తగ్గని నాయకునికి, ఎందరికి వ్రాసినానో నాకే లెక్క లేదు. సన్మాన పత్రానికి ఒక పద్ధతి ఉన్నది. పేరాకొక సంబోధన ఉండాలి. సమాసం ఎంత పొడవైతే అంత గౌరవం. వినేవారికి అర్థం కాకపోయినా ఫరవాలేదు. చదివేవానికి నోరు తిరగకపోతే ఇంకా మంచిది. ఎవరినో ఎగతాళి చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ సమాసాలు కూర్చినవాడిని నేనే.

గడచిన వేసవిలో నా పూర్వ విద్యార్థి ఒకడు మహానందిలోని మా ఇంటికి వచ్చినాడు. ఒక నాయకుని పుట్టినరోజు పండుగ దగ్గర పడినదట.

"సార్, ఈ తూరి మీరు గట్టిగా రాయల్ల. వెండి కిరీటం చేపిస్తుండాము. కిరీటం పెట్టి, చేతికి కత్తి ఇచ్చి, పట్టుగొడుగు కింద ఊరేగిస్తాము. 'ఏకచ్ఛత్రాధిపతి' అనే మాట మాత్రం పడాల సార్" అన్నాడు.

"ఛత్రమంటే ఏమిటి నాయనా?" అని అడిగినాను, పాత అలవాటు పోక.

"గొడుగు గదా సార్. ఎనిమిదో తరగతిలో మీరే చెప్పినారు."

"ఆ గొడుగు ఎందుకు?"

"పెద్దోళ్ళకు పట్టేదానికి" అన్నాడు.

అతని తప్పు ఏమీ లేదు. నేను చెప్పినది అంతవరకే. విగ్రహవాక్యం చెప్పించి, సమాసం పేరు వ్రాయించి, మార్కులు వేసి పంపినాను. గొడుగు రాజచిహ్నం ఎందుకైనదో ఏనాడూ చెప్పలేదు. ఆ బాకీ తీర్చుకొనడానికే ఈ నాలుగు మాటలు.

ఛత్రమునకు మరొక పేరు ఆతపత్రము. ఆతపమనగా ఎండ. ఎండ నుండి కాపాడేది ఆతపత్రము. మా సీమలో ఈ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. ఏప్రిల్ మాసంలో మిట్టమధ్యాహ్నం నంద్యాల వీధిలో పది అడుగులు నడిస్తే పదార్థం బోధపడుతుంది. రాజు తలపై గొడుగు పట్టడంలో రెండు అర్థాలున్నవి. ఎండ సోకరానంతటి గొప్పవాడు రాజు అనేది ఒకటి. ప్రజలకు ఎండ తగలకుండా నిలువవలసినవాడు రాజు అనేది రెండవది. మొదటిది కంటికి కనబడుతుంది. రెండవది ఎవరో ఒకరు గుర్తు చేస్తే గాని గుర్తుకు రాదు. పట్టాభిషేకాలలోని తతంగమంతా ఆ రెండవ అర్థాన్ని గుర్తు చేయడానికే పుట్టినదని నా విశ్వాసం.

ఆ తతంగాన్ని నేటికీ నిలుపుకొన్న దేశాలలో థాయిలాండు ఒకటి. 2019 మే 4వ తేదీన బ్యాంకాక్ నగరంలో రాజు వజిరలాంగ్‌కోర్న్ పట్టాభిషేకం జరిగినది. ఆయన తండ్రికి 1950లో జరిగిన తరువాత, అరవై తొమ్మిదేండ్లకు ఆ దేశం చూసిన పట్టాభిషేకమది. టీవీలో చూస్తూ నేను ఆశ్చర్యపడినది బంగారాన్ని చూసి కాదు, మాటలను విని. రాజు పేరే మన వజ్రాలంకరణం. అక్కడి ఐదు రాజచిహ్నాలు మహావిజయ మకుటము, జయశ్రీ ఖడ్గము, దండము, వాలవీజని, పాదుకలు. వాలవీజని మన వాలవ్యజనమే, అనగా చామరము. దానికి తోడుగా తాళవృంతము కూడా ఉంటుంది. వీటన్నిటికీ పైన శ్వేతచ్ఛత్రము. అభిషేకం కాకముందు రాజుకు ఏడంతస్తుల గొడుగే. అభిషేకమైన పిమ్మటనే తొమ్మిదంతస్తుల గొడుగు. వీటిని రాజుకు అందించేవారు అక్కడి ఆస్థాన బ్రాహ్మణులు. వారి పూర్వులు దక్షిణ భారతం నుండి వెళ్ళినవారని ప్రతీతి.

ఆ మకుటం బరువు 7.3 కిలోలు. ఎత్తు 66 సెంటీమీటర్లు. బ్రాహ్మణుడు అందిస్తే రాజు తన చేతులతో తానే తలపై పెట్టుకొంటాడు. పెట్టుకొన్నవాడు మెడ అటూ ఇటూ త్రిప్పలేడు. తరువాత ఆయన వెలువరించే మొదటి ఆజ్ఞ, ధర్మంతో, ప్రజల మేలు కొరకు పాలిస్తానని చెప్పడం. ఇది చూసి చేతులు జోడించబోయినాను. అంతలో మరొకటి గుర్తుకు వచ్చినది. ఆ దేశపు శిక్షాస్మృతిలో 112వ సెక్షను ఉన్నది. రాజును నిందించినవారికి మూడు నుండి పదిహేనేండ్ల చెర. కనుక ఒక మాట ముందుగానే ఒప్పుకొంటాను. రాజచిహ్నం ధర్మాన్ని గుర్తు చేయగలదు గాని, అమలు చేయలేదు.

ఇక నన్ను ఈ వ్యాసానికి పురికొల్పిన మాటకు వస్తాను. ఆ ఐదు వస్తువులను కలిపి థాయి భాషలో పిలిచే పేరు పాళీ నుండి వెళ్ళినది. మన లిపిలో వ్రాసుకొంటే పంచ రాజకకుధభాండములు అవుతుంది. పాళీలో కకుధము, సంస్కృతంలో కకుదము. అమరకోశం నానార్థవర్గంలో కకుద శబ్దానికి మూడర్థాలు చెప్పినారు. ప్రాధాన్యము, రాజచిహ్నము, ఎద్దు మూపురము.

మహానందిలో కాపురముండి ఈ మూడవ అర్థాన్ని ఎలా దాటిపోగలను? మా ఊరి చుట్టూ తొమ్మిది నందులున్నవి. ప్రథమనంది, నాగనంది, సోమనంది, సూర్యనంది, శివనంది, విష్ణునంది, గరుడనంది, వినాయకనంది, వీటికి తలమానికంగా మహానంది. బాల్యం నుండి అమరం వల్లించినాను. నందిని చూస్తూ పెరిగినాను. ఈ రెంటికీ ముడి ఉన్నదని అరవై దాటిన తరువాత, ఎక్కడో బ్యాంకాక్ పట్టాభిషేకం చూసి తెలుసుకొన్నాను.

నిఘంటుకారుని ఉద్దేశం ఎత్తు మాత్రమే అయి ఉండవచ్చు. ఎద్దులో ఎత్తైనది మూపురం. రాజసభలో ఎత్తైనది గొడుగు. అయినా సేద్యం ఎరిగినవానికి మూపురం అనగానే తోచేది ఎత్తు కాదు, కాడి. కాడిని మెడపై వేసేది మూపురానికి ముందు. అది వెనుకకు జారకుండా ఆపేది మూపురం. బరువు లాగే ఎద్దుకు మూపురం అలంకారం కాదు, పనిముట్టు. రాజచిహ్నానికీ, కాడిని ఆపే కండకూ ఒకే మాట పెట్టిన భాష మనది. ఈ మాట నా తరగతి గదిలో చెప్పి ఉంటే ఆ పిల్లవాడు "పెద్దోళ్ళకు పట్టేదానికి" అనేవాడు కాదేమో.

కాళిదాసు రఘువంశం మూడవ సర్గ చివర దిలీపుడు శ్వేతచ్ఛత్రాన్ని కుమారునికి అప్పగించి, భార్యతో తపోవనానికి వెళ్తాడు. అక్కడ కవి గొడుగుకు వాడిన విశేషణం కూడా నృపతికకుదమే. కాడి ఒక మెడ నుండి మరొక మెడకు మారినది. ముసలి ఎద్దు విశ్రాంతికి వెళ్ళినది. అంతే గాని, దిలీపుడు గొడుగును ఇంటికి పట్టుకుపోలేదు.

మన సంగతి చూద్దాం. ఈ నేలపై రాజులు లేనివారము కాము. మాకు కూతవేటు దూరంలోని బనగానపల్లె 1948 వరకు నవాబుల సంస్థానం. బ్రిటిషువారు ఆ సంస్థానానికి తొమ్మిది ఫిరంగుల మర్యాద ఇచ్చేవారు. 1948లో అది మద్రాసు రాష్ట్రంలో కలిసినది. ఫిరంగులు ఆగిపోయినవి, మామిడిపండు పేరు నిలిచినది. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసినది. 1971లో 26వ సవరణతో రాజభరణాలు కూడా పోయినవి. పాలితులే పాలకులని నిర్ణయించుకొన్నాము. మరి ఆ గొడుగులూ చామరాలూ ఏమైనవి?

గుడికి చేరినవి. కాదు, అవి చిరకాలంగా గుడిలోనే ఉన్నవి. పూజలో షోడశోపచారాల తరువాత రాజోపచారాలు చేస్తారు. ఛత్రము, చామరము, నృత్యము, గీతము, వాద్యము, ఆందోళిక, అశ్వము, గజము అని వరుస. ఇండ్లలో పూజ చేసుకొనేటప్పుడు గజమును ఎక్కడినుండి తెస్తాము? ఒక్కొక్క పేరు చెప్పి నాలుగు అక్షింతలు వేస్తాము. చిన్నప్పుడు ఇది మోసమని నవ్వుకొనేవాడిని. ఇప్పుడు అందులో ఒక వివేకం కనబడుతున్నది. ఏనుగు ఉన్న ప్రభువూ, అక్షింతలు మాత్రమే ఉన్న పేదా ఆ ఉపచారంలో సమానమే. ఏనుగు ఎవరిదన్న ప్రశ్న అక్కడ పుట్టదు.

నా బాల్యంలో శివరాత్రి ఉత్సవంలో స్వామివారి పల్లకికి గొడుగు పట్టే పెద్దాయన ఒకరుండేవారు. గొడుగు స్వామిపై ఉంటే, ఆయన ఎండలో ఉండేవారు. కాళ్ళకు చెప్పులుండవు. గొడుగు వంగకుండా రెండు చేతులతో పట్టుకొని, చెమట తుడుచుకొనడానికి కూడా చేయి వదిలేవారు కారు. ఒకసారి మా నాయనను అడిగినాను, "ఆయనకు ఎవరు పడతారు గొడుగు?" అని. మా నాయన సమాధానం చెప్పలేదు. పోయి ఆయనకు చెంబుడు నీళ్ళిచ్చి వచ్చినారు. గుడిలోని గొడుగు కూడా అందరికీ సమానంగా నీడ ఇచ్చినదని నేను అనను. దానిని ఎవరు పట్టవచ్చు, ఎవరు దూరంగా నిలబడాలి అనే తారతమ్యాలు ఆ నీడలోనే పెరిగినవి. అది కూడా చెప్పకపోతే ఈ వ్యాసం మరొక సన్మాన పత్రమవుతుంది.

అయినా, మన రాజులలో కొందరికి ఈ చిహ్నాల బరువు తెలుసు. శ్రీకృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరిలో మొదటిసారి తిరుమలకు వచ్చినప్పుడు స్వామికి నవరత్నఖచితమైన కిరీటం సమర్పించినట్లు శాసనాలున్నవి. ఆలయంలో తిరుమలదేవి, చిన్నాదేవులతో కూడిన ఆయన కంచు విగ్రహాన్ని మీరూ చూసి ఉంటారు. తలపై ఉన్నది కిరీటం కాదు, కుళ్ళాయి. చేతిలో ఖడ్గం లేదు; రెండు చేతులూ జోడించి ఉన్నవి. కటకం దాకా జయించిన చక్రవర్తి, శాశ్వతంగా నిలిచే తన ప్రతిమను ఈ విధంగా పోత పోయించుకొన్నాడు. కళింగ దండయాత్ర కాలంలోనే మా అహోబిలానికీ వచ్చి స్వామికి ఆభరణాలు, బంగారు పళ్ళెం, వేయి వరహాలు సమర్పించినాడు. కిరీటం పెట్టించుకొన్న రాజులు ఎందరో ఉన్నారు. దానిని తీసి మరొకరి పాదాల దగ్గర పెట్టడం తెలిసినవాడు గనుక ఆయన పేరు ఈనాటికీ చెప్పుకొంటున్నాము.

రాజు ఇచ్చిన కిరీటం ఒక ఎత్తు; శ్రీశైలంలో నేతగాడు ఇచ్చే తలపాగా మరొక ఎత్తు. మహాశివరాత్రి రాత్రి అక్కడ పాగాలంకరణ జరుగుతుంది. పెండ్లికుమారుడైన మల్లన్నకు తలపాగా చుట్టే వేడుక అది. చీరాల ప్రాంతపు చేనేత కుటుంబం ఏడాది పొడవునా, రోజుకొక మూర చొప్పున, మూడు వందల అరవై మూరల వస్త్రం నేస్తుంది. ఆ రాత్రి దీపాలన్నీ ఆర్పివేస్తారు. ఆ కటిక చీకటిలో నేతగాడు దిగంబరుడై విమాన శిఖరం నుండి ముఖమండపం మీది నందుల వరకు పాగా చుట్టుతాడు. చుట్టేవానిని ఎవరూ చూడరాదు. దీపాలు వెలిగిన తరువాత చుట్టిన పాగా మాత్రమే కనబడుతుంది. సన్మాన సభలలో కిరీటం పెట్టేవారందరూ ఫోటోలో పడడానికి ఒకరినొకరు త్రోసుకొనడం చూసినప్పుడల్లా నాకు ఆ చీకటి జ్ఞాపకం వస్తుంది.

అహోబిలంలో మరొక విశేషం. సంక్రాంతి వేళ మొదలయ్యే పారువేటలో నరసింహస్వామి పల్లకి నల్లమల చుట్టుపట్ల ముప్పైకి పైగా గ్రామాలు, నలభై రోజులకు పైగా తిరుగుతుంది. తన కల్యాణానికి రమ్మని స్వామి తానే వచ్చి పిలుస్తాడని జనుల నమ్మకం. బయలుదేరేటప్పుడు చెంచులు పల్లకిపైకి బాణాలు వేస్తారు. అడవి బిడ్డలు తమ ఇంటి అల్లుని మీద చూపే చనువు అది. పల్లకి, గొడుగు, చామరము అన్నీ రాజలాంఛనాలే. అవి ప్రజల వాకిళ్ళకు నడిచి వెళ్తున్నవి. ప్రజలు దర్బారుకు రావడం కాదు.

ఇక శఠగోపం. థాయి రాజచిహ్నాలలో మకుటం వేరు, పాదుకలు వేరు. మన శఠగోపంలో అవి రెండూ ఒకటే వస్తువు. చూడడానికి కిరీటం వలె ఉంటుంది. దానిపైన స్వామి పాదుకలుంటాయి. వైష్ణవాలయాలలోనిదే అయినా, మా ప్రాంతపు శివాలయాలలో కూడా చాలాచోట్ల ఇప్పుడు కనబడుతుంది. వరుసలో నిలబడిన ప్రతివాని తలపైనా అది ఒక్క క్షణం ఆనుతుంది. కలెక్టరు తలపైనా, కలుపు తీసి వచ్చిన తల్లి తలపైనా అంతే సేపు. పెట్టిన వెంటనే తీసివేస్తారు. ఎవరూ ఇంటికి తీసుకుపోరు. కిరీటమంటే ఏమిటో ఇంతకంటె చక్కగా చెప్పిన గ్రంథం నేను చదవలేదు.

ఈ పద్ధతి ప్రజాస్వామ్యంలో కూడా పూర్తిగా పోలేదు. ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణానికి 2015 నుండి ప్రభుత్వం తరపున పట్టువస్త్రాలు సమర్పిస్తున్నారు. ముఖ్యమంత్రి ఎవరైనా సరే, తలకు పరివట్టం కట్టుకొని, ఆ పళ్ళెరాన్ని నెత్తిన పెట్టుకొని నడుస్తారు. ఏలేవాడు మోయాలి అనే అర్థం ఆ దృశ్యంలో ఉన్నది. 2023 మే 28న క్రొత్త పార్లమెంటు భవనంలో ప్రతిష్ఠించిన రాజదండం గురించి దేశమంతా వాదించుకొన్నారు. 1947లో తిరువావడుదురై మఠం కోరగా మద్రాసులో ఉమ్మిడి బంగారు శెట్టి వారు చేసిన దండం అది. రాజరికపు గుర్తు గణతంత్రానికి తగునా అని కొందరు, మన సంప్రదాయమని కొందరు. నేను ఆ తగవులోకి వెళ్ళను. దండం కొన మీద కూర్చున్నది నంది అని మాత్రం గుర్తు చేస్తాను. ఆ నందికి మూపురం ఉన్నది. దాని అర్థం సభలో కూర్చునేవారికి తెలిస్తే దండం అక్కడ ఉన్నా దోషం లేదు. తెలియకపోతే మ్యూజియంలో ఉన్నా లాభం లేదు.

నా విద్యార్థి ఈ మాటలు విని ఊరుకొనలేదు. "మీరు పెద్ద మాటలు చెప్తారు సార్. మా ఊరికి నీళ్ళ ట్యాంకు తెచ్చినాడాయన. ప్రేమతో పెడుతుండాము. దాంట్లో తప్పేముంది?" అన్నాడు. సూటి ప్రశ్న. ప్రేమలో తప్పు లేదు. కృతజ్ఞత చూపడం మన ధర్మం. నా బాధ అది కాదు. నీళ్ళ ట్యాంకు తేవడం ఆయన విధి. విధి నిర్వహించినవానికి కృతజ్ఞత చెప్పాలి గాని కిరీటం పెట్టరాదు. కిరీటం పెట్టిన క్షణం నుండి మనం పౌరులం కాము, ఆయన సేవకుడు కాడు. ట్యాంకు ఆయన దయగా మారుతుంది. రేపు ట్యాంకులో నీళ్ళు రాకపోతే అడిగే నోరు నిన్న జయధ్వానాలు చేసిన నోరే గదా! ఆ నోటికి మాటలు అందించినవాడు నా వంటి పండితుడు. అందుకే నా పాలు కూడా తక్కువ కాదంటున్నాను.

మా స్వామి కథలో కూడా ఒక రాజున్నాడు. ఆవు ఒకటి పుట్టవద్దకు పోయి పాలు వదిలి వస్తుంటే, ఆ వింత చూడాలని రాజు వచ్చి పొంచి చూసినాడట. పాలు త్రాగుతున్న బాలశివుడు కనబడినాడు. అలికిడికి బెదరిన ఆవు పుట్టను త్రొక్కినది. ఆ గిట్ట గుర్తు లింగంపై నేటికీ ఉన్నదని స్థలపురాణం. ఆ రాజు కిరీటం ఎటువంటిదో స్థలపురాణం చెప్పదు. ఆవు గిట్టను మాత్రం లింగం మోస్తున్నది. పుష్కరిణిలో ఊట నీరు అడుగు కనబడేటంత తేటగా నిరంతరం పారుతూ, బయట అరటితోటలను తడుపుతున్నది. నీడ, నీరు ఇచ్చినదే ఈ సీమలో పూజ్యమైనది.

ఆ రాత్రి కూర్చొని ఒక పత్రం వ్రాసినాను. సంబోధనలు లేవు. నీళ్ళ ట్యాంకు ఏ సంవత్సరంలో మంజూరైనది, ఎన్ని ఇండ్లకు కొళాయిలు వచ్చినవి, ఇంకా ఏ వీధికి రాలేదు, అన్నీ ఆ విద్యార్థినే అడిగి వ్రాసినాను. చివర "ఊరివారి తరపున కృతజ్ఞతలు, మిగిలిన వీధికి కూడా నీరు వచ్చే రోజు కొరకు ఎదురు చూస్తున్నాము" అని ముగించినాను. అతడు చదివి, మడిచి జేబులో పెట్టుకొని, "ఇది చదివితే కొంప మునుగుతుంది సార్" అని నవ్వినాడు. సభలో మరొకరు వ్రాసిన పత్రం చదివినారు. కిరీటం పెట్టినారు, కత్తి ఇచ్చినారు. పట్టుగొడుగు పట్టిన పిల్లవాడు ఎండలోనే నిలబడినాడని వెళ్ళి వచ్చినవారు చెప్పినారు.

పదిహేను రోజుల తరువాత ఆ విద్యార్థి మరల వచ్చినాడు. మడత విప్పి నా పత్రం బల్లపై పెట్టి, "సార్, మా వీధికే నీళ్ళు రాలేదు. ఇదే కాగితాన్ని అర్జీ మాదిరి మార్చి ఇస్తారా?" అని అడిగినాడు. మార్చవలసినది ఎక్కువ లేదు. పైన చిరునామా, క్రింద సంతకాలకు చోటు, అంతే.

ఇకమీదట సన్మాన పత్రాలు వ్రాయనని శపథం చేయను. శపథాలు కిరీటాల వంటివి, పెట్టుకొనడం సులభం. సంవత్సరాలు, పనులు, ఇంకా మిగిలిన పనులు, ఈ మూడే ఉండే పత్రం అడిగితే వ్రాస్తాను. మీలో తెలుగు బోధించేవారు ఎవరైనా ఉంటే ఒక విన్నపం. 'ఏకచ్ఛత్రాధిపత్యము' పాఠంలో వచ్చినప్పుడు, విగ్రహవాక్యంతో పాటు కకుద శబ్దానికి ఉన్న మూడు అర్థాలు కూడా పిల్లలకు చెప్పండి.

మీ మీ ప్రాంతాలలో గొడుగు, చామరము, పాగాలను గురించిన ఆచారాలుంటే తెలియజేయగలరు.

స్వస్తి.